వెనుక తలుపు నా లెక్కలో లేదు

నా సిద్ధాంత గ్రంథాన్ని ఇంతవరకు చదివినవాళ్ళు నలుగురు. ఒకరు మా గైడు గారు. ఆయన కూడా మూడో అధ్యాయం వదిలేశారని నా అనుమానం. ఇద్దరు పరీక్షకులు, వాళ్ళకు తప్పదు. నాలుగో మనిషి ఇబ్రహీంపట్నంలో దాతలు కట్టించిన ఒక చిన్న పఠన మందిరానికి కమిటీ అధ్యక్షుడు సత్తిరెడ్డి గారు. ఆ నాలుగో ఆయన చదవకుండా ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. అనుకున్న మరుక్షణమే, చదివితే ఏడుపు, చదవకపోతే ఏడుపు, అసలు నీకేం కావాలిరా అని నన్ను నేనే తిట్టుకుంటాను.

శేరిగూడ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఇరవై ఏళ్ళకు పైగా లైబ్రేరియన్‌గా పనిచేసి మూడేళ్ళ క్రితం రిటైరయ్యాను. మాది తెనాలి వైపు. కాపురం వనస్థలిపురంలో. రోజూ సాగర్ రోడ్డు బస్సులో పోయి రావడంలోనే నా ఉద్యోగం సగం గడిచింది. ఈ మధ్య గ్రంథాలయ శాస్త్రం చదివే పిల్లలు నాలుగు ముక్కలు చెప్పమని పిలిస్తే వెళ్ళాను. అంతా అయ్యాక చివరి వరసలోంచి ఒక అమ్మాయి లేచి, "సార్, మన సబ్జెక్టుల రీసెర్చ్ చేస్తే నిజంగ ఎవలకన్నా పనికొస్తదా?" అని అడిగింది. నేను పాఠకుల అవసరాలు, సేవల నాణ్యత అంటూ ఏదో నోటికొచ్చింది చెప్పాను. చప్పట్లు కొట్టారు. బస్సెక్కి కూర్చున్నాక సిగ్గేసింది. ఆ అమ్మాయికి ఇవ్వవలసిన జవాబు ఇది. చివరికి ఇది జవాబు అవుతుందో కాదో నాకే తెలియదు, ముందే చెబుతున్నాను.

చల్లటి నీళ్ళ సంవత్సరం

ముందు కాలేజీ సంగతి ఒకటి. అది తెలిస్తే నా తప్పు ఎక్కడ మొదలైందో అర్థమవుతుంది.

మా ప్రిన్సిపాల్ గారికి అంకెలంటే ప్రాణం. లైబ్రరీ వాకిట్లో మనిషి దాటినప్పుడల్లా ఒక అంకె పెరిగే యంత్రం పెట్టించారు. ఒక ఎండాకాలం ఆ అంకె అమాంతం పెరిగింది. ఆయన పొంగిపోయి స్టాఫ్ మీటింగులో నన్ను నిలబెట్టి మెచ్చుకున్నారు. నేనూ పొంగిపోయాను. కొత్త పుస్తకాలు తెప్పించాను కదా, దాని ఫలితం అనుకున్నాను.

రెండు వారాల తరువాత తెలిసింది, కాలేజీ మొత్తంలో మిగతా వాటర్ కూలర్లన్నీ చెడిపోయాయి, లైబ్రరీలోది ఒక్కటే పనిచేస్తోంది. పిల్లలు సీసాలు పట్టుకుని వస్తున్నారు, నింపుకుని పోతున్నారు. పోయేటప్పుడు కూడా యంత్రం ఒక అంకె వేస్తోంది! ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నట్టు ఉంది మా ప్రిన్సిపాల్ గారి సంబరం, నా సంబరం.

నేను ఆయనకు నిజం చెప్పానా? చెప్పలేదు. ఆ యేడు తనిఖీకి వచ్చినవాళ్ళకు ఆ అంకే చూపించారు. వాళ్ళూ సంతోషించారు. దాహం తీరింది కాబట్టి పిల్లలూ సంతోషించారు. అందరూ సంతోషంగా ఉన్నప్పుడు తప్పు ఎక్కడుందో నాకు తేలలేదు. దీన్నుంచి నేర్చుకోవలసింది అప్పుడే నేర్చుకుని ఉంటే రజియాకు పరీక్ష చేజారేది కాదు. రజియా ఎవరో చెబుతాను.

రిజిస్టరు ముందు కూర్చున్న పండితుడు

కాలేజీకి గుర్తింపు కావాలంటే లైబ్రేరియన్‌కు డాక్టరేట్ ఉంటే మంచిదని ప్రిన్సిపాల్ గారు అన్నారు. నలభై దాటాక నేను పిహెచ్‌డీలో చేరాను. విషయం, చిన్న పట్టణాల్లో పఠన మందిరాలను ఎవరు, ఎందుకు, ఎంత వాడుకుంటున్నారు అన్నది. కాలేజీకి దగ్గరగా ఉంటుంది కదా అని ఇబ్రహీంపట్నంలోని ఆ పఠన మందిరాన్ని ఎంచుకున్నాను. బస్సు దిగి నడిస్తే అయిదు నిమిషాలు. అంత శాస్త్రీయంగా ఉండేది మా ఎంపిక.

ముందు పెద్ద హాలు. అందులో పొడుగాటి బల్లలు, పేపర్లు. చుట్టుపక్కల ఊళ్ళ మగవాళ్ళంతా పొద్దున్నే వచ్చి పేపరు తిప్పుతూ ప్లాట్ల ధరల గురించి, ఎన్నికల గురించి, బాలాపూర్ గణేశుడి లడ్డూ వేలంపాట గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. వాకిలి పక్కన స్టూలు మీద రిజిస్టరు. వచ్చినవాళ్ళు పేరు, ఊరు, వచ్చిన వేళ రాసి సంతకం చెయ్యాలి. హాలు వెనుక ఒక చిన్న గది, మీద "మహిళా పఠన విభాగం" అని బోర్డు.

నేను ప్రతి శనివారం మధ్యాహ్నం మూడున్నరకు వెళ్ళేవాణ్ణి, కాలేజీ అప్పుడే వదిలేది. రిజిస్టరు పాత పేజీలన్నీ తిరగేసి ఎక్కించుకున్నాను. ఎన్ని నెలలు చూసినా ఆడపేర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. వెనుక గదిలోకి వెళ్ళి చూసేవాణ్ణి. ఎప్పుడూ ఖాళీయే. కుర్చీలు మాత్రం శుభ్రంగా తుడిచి ఉండేవి. ఒకసారి బల్ల మీద నీలం సుద్దతో ఏవో కూడికలు, భాగహారాలు వేసి ఉన్నాయి. పక్కన అరిగిపోయిన బిళ్ళలాంటి సుద్దముక్క, దర్జీలు బట్ట మీద గీతలు గీసుకునేది. ఎవరి పిల్లలో ఆడుకున్నారులే అనుకున్నాను. నా నోటు పుస్తకంలో ఏం రాశానో తెలుసా? "గది నిర్వహణ సంతృప్తికరంగా లేదు."

ఆ మందిరాన్ని ఊడ్చి, తుడిచి, తాళాలు వేసే మనిషి యాదమ్మ. అప్పటికి యాభై ఏళ్ళుంటాయి. నా ప్రశ్నావళిలో సిబ్బందికి కూడా కొన్ని ప్రశ్నలున్నాయి. పెన్ను తీసి, "యాదమ్మా, ఇక్కడికి రోజుకు ఎంతమంది ఆడవాళ్ళు వస్తారు?" అని అడిగాను.

ఆమె నన్ను కింది నుంచి మీద దాకా చూసింది. "రిజిస్టర్ల ఎంతమంది ఉన్నరో గంతమందే సారూ," అంది.

రాసుకున్నాను. రెండు ఆధారాలు సరిపోయాయి, రిజిస్టరూ, సిబ్బంది వాంగ్మూలమూ. రెండు ఆధారాలు ఒకటే మాట చెబితే అది సత్యమని మాకు క్లాసులో చెప్పారు. రెండో ఆధారం మొదటి ఆధారాన్ని చూసే చెబుతోందని మాత్రం నాకు తట్టలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నాకోసం పుట్టిన మాటే.

ఏడో సిఫారసు

మన శాస్త్రంలో పరిశోధనలు ఎక్కువగా ఒకే అచ్చులో ఉంటాయి. ప్రశ్నలు పంచుతాం, శాతాలు కడతాం, గుండ్రటి బొమ్మలు గీస్తాం, చివర సిఫారసులు రాస్తాం. సిఫారసులన్నీ పుస్తకాలు పెంచాలి, కంప్యూటర్లు పెంచాలి అనే ఉంటాయి. ఎవరూ చదవరన్న ధైర్యంతో రాస్తాం. నాదీ అంతే. ఏడో సిఫారసు ఇలా రాశాను: "స్త్రీల వినియోగం అత్యల్పంగా ఉన్నందున, మహిళా విభాగానికి కేటాయించిన గదిని కంప్యూటర్ విభాగంగా మార్చవచ్చు."

మార్చవచ్చు అన్నాను. మార్చమనలేదు. ఈ తేడా నాకు చాలా ముఖ్యంగా తోచింది, తరువాత.

పట్టా వచ్చింది. మర్యాదకు ఒక కాపీ పఠన మందిరానికి ఇచ్చాను. ఆరు నెలలకు సత్తిరెడ్డి గారి దగ్గర నుంచి ఫోను. "సారూ, మీ బుక్కు మొత్తం సదివిన. మస్తు రాసినవ్. నువ్వు చెప్పినట్టే జేస్తున్నం. ఐతారం ఓపెనింగు. నువ్వు రావాలె."

ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పాలి. సొంత జేబులోంచి పేపర్లు వేయించే మనిషి. నాకు పట్టరాని ఆనందం. మన పరిశోధనలు అల్మారాల్లో బూజు పట్టిపోతున్నాయని అన్ని సెమినార్లలోనూ మొత్తుకునేవాళ్ళం కదా. ఇదిగో, నా మాట విని ఒక గది మారిపోతోంది!

ఆదివారం వెళ్ళాను. వెనుక గదికి కొత్త రంగు, కొత్త తలుపు, గొళ్ళెం. లోపల అయిదు కంప్యూటర్లు ప్లాస్టిక్ ముసుగులతో. నెట్ కనెక్షన్ ఇంకా రాలేదన్నారు. నాకు శాలువా కప్పారు, ఫోటో తీశారు. అందరూ వెళ్ళాక, మిగిలిన చాయ్ గ్లాసులు ఏరుతూ యాదమ్మ నా దగ్గరకు వచ్చింది.

"శాలువ మంచిగున్నది సారూ. ఆడోళ్ళను యెళ్ళగొట్టినందుకు మంచిగనే కప్పిన్రు."

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏ ఆడవాళ్ళమ్మా?"

"గీ రూముల కూసుండేటోళ్ళు."

"ఎవరూ లేరు కదమ్మా! నువ్వే చెప్పావు. రిజిస్టరులో కూడా లేరు."

"రిజిస్టర్ల లేకుంటే మనుషులు లేనట్టేనా?"

వెనుక తలుపు

ఆమె నన్ను గది వెనక్కి తీసుకుపోయింది. గోడలో ఇంకో తలుపు ఉంది, నేను వచ్చినప్పుడల్లా తాళం వేసి ఉంటే పట్టించుకోనిది. ఇప్పుడు దానికి అడ్డంగా లోపలి నుంచి కంప్యూటర్ బల్ల పెట్టారు. ఆ తలుపు బయట సందు, సందు చివర సంతకు పోయే దారి. రోజూ పదకొండింటికి యాదమ్మ ఆ తలుపు తీసేదట. పిల్లలు బడికి పోయాక, వంటలు అయ్యాక, ఆడవాళ్ళు ఆ సందులోంచి వచ్చేవారు. రెండింటికల్లా వెళ్ళిపోయేవారు. మళ్ళీ తుడిచి తాళం వేసేది. నేను శనివారం మూడున్నరకు వచ్చి ఖాళీ కుర్చీలు చూసి రాసుకునేవాణ్ణి.

"మరి ముందు నుంచి రావచ్చు కదా. సంతకం పెట్టడానికి ఏమైంది?"

"ఆడ పేపర్ సదివేటోడు పేపర్ కన్న మనిషినే ఎక్కువ సదువుతడు సారూ. ఎవలి కోడలు, ఎవలి బిడ్డ, ఎందుకొచ్చింది, ఏం సదువుతున్నది... రిజిస్టరు తిప్పి తిప్పి చూస్తరు. పొద్దుగూకేసరికి ఊరంత ఎరుకైతది."

"నాకు ముందే ఎందుకు చెప్పలేదమ్మా?"

"నువ్వు పెన్ను దీసి అడిగినవ్ గద. తలుపు ముయ్యనీకి వచ్చిన ఆఫీసరేమో అనుకున్న." ఆమె గ్లాసులు చేతికి సర్దుకుంది. "ఆఖరికి మూసిందైతె నువ్వే గద."

శాలువా ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చంకలో పెట్టుకున్నాను.

అప్పుడు చెప్పింది రజియా సంగతి. ఇబ్రహీంపట్నం అవతల ఒక పల్లె నుంచి వచ్చి ఇక్కడే కాపురముంటున్న దర్జీ పని మనిషి. భర్త ఆటో నడుపుతాడు. ఇద్దరు పిల్లలు. పదో తరగతి మధ్యలో ఆగిపోయింది, ఇప్పుడు ఓపెన్ స్కూల్లో కట్టింది. పాసైతే అంగన్‌వాడీ టీచరు పోస్టుకు పెట్టుకోవచ్చు, వాళ్ళ వాడలో ఖాళీ రాబోతోంది. వయసు పరిమితి దాటడానికి ఇంకా కొన్ని నెలలే ఉన్నాయి. పరీక్ష నెల రోజుల్లో. బల్ల మీద నీలం సుద్ద లెక్కలు ఆమెవి.

యాదమ్మను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఒకే గది ఇల్లు. కుట్టు మిషను, దాని మీద ఎవరివో పెళ్ళి జాకెట్ల గుట్ట, పక్క మంచం మీద అత్తగారు టీవీ పెట్టుకుని ఉన్నారు. రజియా లేచి నిలబడింది. నేను నా తప్పు చెప్పుకున్నాను. పుస్తకాలు ఇంటికే తెచ్చి ఇస్తానన్నాను.

"బుక్కులున్నయి సారూ. కూసునే జాగనే లేదు," అంది. "మిషన్ కాడ కూసుంటే గిరాకి వస్తది. మంచం మీద కూసుంటే పిల్లలొస్తరు. ఆ రూముల రెండు గంటలు నా పేరు ఎవ్వలు పిలువరు."

"హాల్లో ఒక మూల కుర్చీ వేయిస్తాను. నేను చెబుతాను వాళ్ళకు."

ఆమె నవ్వింది. "మా మరిది ఆడనే కూసుంటడు. ఒక్కసారి ఫెయిలైన సారూ, ఎవ్వలకు ఎరుక లేదు, మా ఆయనకు దప్ప. మల్ల ఫెయిలైతే వాడకట్టంత నవ్వుతది. పాసైనంక నేనే వచ్చి రాస్త నా పేరు, మీ రిజిస్టర్ల. ముందల నుంచే వస్త. అప్పటిదాంక వద్దు."

రెండో తప్పు

సత్తిరెడ్డి గారింటికి వెళ్ళాను. ఆయన విన్నాడు, ఓపిగ్గా. విని, "నువ్వే రాస్తివి, మల్ల నువ్వే కాదంటివి. ఏది నమ్మాలె సారూ నేను?" అన్నాడు.

నా దగ్గర ఉన్న ఒక్కటే జవాబు చెప్పాను. "రెండూ నేనే అన్నానండి. మొదటిది తప్పు."

"అట్లైతే లెక్క తే. కమిటీల నలుగురున్నరు. వట్టి మాట మీద రూము ఖాళీ జెయ్యమంటె నన్ను నవ్వుతరు. నెట్టు రానీకి ఎట్లైన నెల పడుతది. గా నెల తలుపు దీపిస్త. ఎంతమంది వస్తున్నరో రాసి చూపెట్టు."

న్యాయంగానే అడిగాడు. కంప్యూటర్ బల్ల జరిపించాను. వెనుక తలుపు తెరుచుకుంది. ఆ తలుపు పక్కన నేనొక కొత్త రిజిస్టరు పెట్టాను.

ఇక్కడ ఆగి నన్ను తిట్టండి. ముందు రిజిస్టరు భయంతోనే కదా వాళ్ళు వెనుక నుంచి వచ్చింది. ఆ సంగతి నాకు అప్పటికి తెలుసు. తెలిసే పెట్టాను. మగవాళ్ళు చూడరు కదా, ఇది ఆడవాళ్ళ రిజిస్టరు కదా అని సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. పేరు, ఊరు, వయసు, చదువు, ఏ పుస్తకం, ఎందుకోసం అని ఆరు గడులు గీశాను. సత్తిరెడ్డి గారికి కావలసింది ఎంతమంది అన్న ఒక్క అంకె. మిగతా అయిదు గడులూ నాకు. లెక్కల్లో కనబడని స్త్రీ పాఠకులు అని ఒక మంచి వ్యాసం అవుతుందని లోపల ఆశ పుట్టింది. అప్పుడు ఈ మాట యాదమ్మకు చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మొదటి రోజు ముగ్గురు వచ్చారట. రెండో రోజు ఒకరు. మూడో రోజు ఎవరూ లేరు. రజియా రెండో రోజు పుస్తకాల సంచీతో సందు చివరి దాకా వచ్చి, స్టూలు మీద రిజిస్టరు చూసి, అట్నుంచి అటే తిరిగి వెళ్ళిపోయిందట. శనివారం నేను వెళ్ళేసరికి యాదమ్మ తలుపు దగ్గర చీపురు పట్టుకుని నిలబడి ఉంది.

"సారూ, నీకు ఆడోళ్ళు రావాలెనా, ఆడోళ్ళ పేర్లు రావాలెనా? ఒక్కటి చెప్పు."

కుడితిలో పడ్డ ఎలుక మాదిరి అయింది నా పని. రాసుకుంటే రారు. రాసుకోకపోతే గది ఉండదు. లెక్కకు అందనంత కాలమే ఆ గది నిండుగా ఉంది, లెక్కకు అందకపోవడం వల్లే అది పోయింది. ఇన్నేళ్ళ సర్వీసు, ఒక డాక్టరేటు, అయినా ఇందులోంచి బయటికి దారేదో నాకు కనబడలేదు. మా గైడు గారికి ఫోన్ చేశాను. "శాంపిల్ సైజు పెంచి చూడండి," అన్నారాయన.

చింతగింజలు

దారి యాదమ్మే చూపించింది. ఇంటి నుంచి అష్టాచెమ్మా ఆడుకునే చింతగింజలు గుప్పెడు, మూతకు చిల్లి పెట్టిన పాత పాలపొడి డబ్బా ఒకటి తెచ్చింది. రిజిస్టరు నా చేతికి ఇచ్చేసి, ఆ స్టూలు మీద డబ్బా పెట్టింది. "వచ్చినామె ఒక గింజ ఏస్తది, పోతది. పేరొద్దు, ఊరొద్దు. లెక్కైతె అయితది గద?"

అయింది. గడులు లేవు, పెన్ను లేదు. వారం తిరిగేసరికి గింజలు చాలక ఆమె కోడలితో ఇంకా తెప్పించింది. నేను శనివారం డబ్బా మూత తీసి లెక్కపెట్టుకుని, ఒక కాగితం మీద ఒక్క అంకె వేసుకునేవాణ్ణి. నా జీవితంలో నేను సేకరించిన సమాచారంలో అంత చిన్నది ఇంకొకటి లేదు.

నెల చివర డబ్బా తీసుకుపోయి సత్తిరెడ్డి గారి ముందు బల్ల మీద ఒంపాను. ఆయన గింజల్ని వేలితో కదిపాడు.

"ఇవి ఎవలేసిన్రో ఏమెరుక సారూ? మనూరి పోరగాళ్ళు ఏసినా గింజ గింజనే."

"మీ రిజిస్టరులో సంతకాలు ఎవరు చేస్తున్నారో మీకు ఎరుకేనా అండి?"

ఆయన పకపకా నవ్వాడు. "అవ్ పో. కమిటీ మీటింగుల నలుగురి సంతకాలు నేనే పెడుత." ఆ నవ్వులోనే గది తిరిగి వచ్చింది. కంప్యూటర్లు హాల్లోకి మారాయి. నెట్ ఎప్పుడో వచ్చింది, ఎండలు ముదిరాక. బోర్డు మాత్రం మళ్ళీ పెట్టవద్దని యాదమ్మ అంది. పెట్టలేదు.

నేను గెలిచానని అనుకున్నాను. ఆ రోజే మందిరానికి తిరిగి వచ్చి, డబ్బా స్టూలు మీద పెట్టబోతూ యాదమ్మతో, "రజియా వస్తోందా?" అని అడిగాను.

"లేదు సారూ. ఆ దినం తిరిగి పోయింది గద, మల్ల రాలె. గీ డబ్బ ముచ్చట చెప్పిన. అయినా వస్తలేదు. సార్ల మీద ఇమానం పోయింది ఆమెకు."

"పరీక్ష?"

"పోయిన వారమే అయిపోయింది. రాయలె."

ఆమె నా చేతిలోంచి డబ్బా తీసుకుని, తల వంచుకుని, నెమ్మదిగా అంది: "ఆమె గింజ మాత్రం నేను దినాం ఏసిన సారూ. రాకున్నా ఆమె కుర్చి ఆమెదే గద."

అంటే నా లెక్క తప్పు! సత్తిరెడ్డి గారి ముందు నేను ఒంపిన గింజల్లో రాని మనిషివి కూడా ఉన్నాయి. కూలర్ నీళ్ళకు వచ్చినవాళ్ళను పాఠకులుగా లెక్కకట్టిన మా ప్రిన్సిపాల్ గారికీ, నాకూ తేడా ఏమిటి? వెంటనే వెళ్ళి సత్తిరెడ్డి గారికి చెప్పాలా? చెబితే గది పోతుంది. చెప్పకపోతే అబద్ధం. పైగా, ఆ గది ఎవరికోసం తిరిగి తెరిపించానో ఆమె గింజ అందులో లేకపోతే ఆ లెక్క నిజమవుతుందా? బస్సులో ఇంటికి వచ్చేదాకా తల గోక్కుంటూనే ఉన్నాను. చెప్పలేదు. ఈ రోజుకీ ఎవరైనా అడిగితే అది తప్పని అంటాను, మళ్ళీ ఆ పరిస్థితి వస్తే మళ్ళీ చెప్పను. దీన్ని పరిశోధనా పద్ధతి అనరని నాకు తెలుసు.

ఆ అమ్మాయికి

చివరి వరసలోంచి అడిగిన అమ్మా, పరిశోధన పనికొస్తుందా అన్నావు. వస్తుంది. అదే భయం. నేను రాసిన ఒక్క వాక్యం పనికొచ్చి ఒక మనిషికి రెండు గంటల జాగా లేకుండా చేసింది. కాబట్టి చదవరులే అని రాయకు. ఏ గది గురించి రాస్తున్నావో ఆ గదికి అన్ని వేళల్లో వెళ్ళు. భవనం చుట్టూ ఒకసారి నడువు. ఊడ్చే మనిషిని పెన్ను జేబులో పెట్టుకుని అడుగు. ఇంతకన్నా నాకు తెలియదు. ఇవన్నీ చేశాక కూడా లెక్క వద్దనుకునేవాళ్ళను ఎలా లెక్కపెట్టాలో, అసలు పెట్టాలో వద్దో, నాకు ఇప్పటికీ తేలలేదు. నీకు తేలితే నాకు చెప్పు.

రజియా సంగతి చెప్పి ముగిస్తాను. మరుసటి ఏడు వానల్లో ఎప్పుడో ఆమె మళ్ళీ వెనుక తలుపు నుంచి రావడం మొదలుపెట్టిందని యాదమ్మ చెప్పింది. ఏమని ఒప్పించావని అడిగితే, "నేనేం జెప్పలె, తలుపు తీసి పెట్టిన, గంతే," అంది. నేను వెళ్ళి పలకరించే ధైర్యం చెయ్యలేదు. ఆ తరువాతి ఎండాకాలం సెలవుల్లో ఒక రోజు పదకొండింటికి నేను హాల్లో పేపరు చూస్తూ ఉంటే, ముందు వాకిట్లో చెప్పులు విడిచి ఒకామె లోపలికి వచ్చింది. రజియా. చేతిలో మార్కుల మెమో. బల్లల దగ్గర మాటలు ఆగిపోయాయి. మరిదో ఎవరో ఒకాయన పేపరు కిందికి దించాడు.

"పాసైన సారూ," అంది నా దగ్గరకు వచ్చి, హాలంతా వినబడేలా.

నాకు కళ్ళు చెమర్చాయి. ఆ సంతోషంలో బుద్ధిలేకుండా, "మరి అంగన్‌వాడీ పోస్టు?" అని అడిగేశాను.

"వయసు దాటిపోయింది సారూ. గప్పుడే, ఆ పరీక్ష పోయిన యేడే." అంత మామూలుగా అంది. "వేరేటామె వచ్చింది. మంచిదే, పిల్లలను మంచిగ చూస్తది."

క్షమించమని అడగాలని నోరు తెరిచాను. ఆమె నా కోసం ఆగలేదు. వాకిలి పక్కన స్టూలు దగ్గరకు వెళ్ళి, పెన్ను తీసుకుని, రిజిస్టరులో పేరు రాసింది, ఊరు రాసింది, వేళ రాసింది, సంతకం చేసింది. మెమో మడిచి సంచిలో పెట్టుకుని, వచ్చిన వాకిట్లోంచే వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక లేచి ఆ పేజీ చూశాను. నా సిద్ధాంత గ్రంథం పద్ధతిలో లెక్కిస్తే ఆ రోజు ఆ పఠన మందిరానికి వచ్చిన స్త్రీ ఒక్కరే. అదే వేళకు వెనుక గదిలో కుర్చీలు చాలక ఇద్దరు నేల మీద కూర్చుని చదువుకుంటున్నారు.